మంగన కాయిలె: రెండు జ్వరాల మధ్య పదకొండు రోజులు

నన్ను కరిచిన పిడుదును నేను చూడలేదు. రెండు సీజన్లలో కొన్ని వేల పిడుదులను పట్టకారుతో ఏరి సీసాల్లో వేసినవాణ్ణి, సాయంత్రం బసకు రాగానే చంకలు, మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ వెతుక్కోవడం అలవాటైనవాణ్ణి, అయినా నాకు జబ్బు తెచ్చిన ఆ ఒక్కటి ఎప్పుడు ఎక్కిందో, ఎప్పుడు రక్తం తాగి రాలిపోయిందో చెప్పలేను. అది నింఫ్ దశలోని పిడుదే అయి ఉంటుంది. గుడ్డు నుంచి వచ్చిన ఆరుకాళ్ళ పిల్ల ఒకసారి రక్తం తాగి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళతో బయటికి వచ్చే దశను నింఫ్ అంటారు. నువ్వుగింజ కన్నా చిన్నదైన ఆ పురుగు పట్టినా నొప్పి తెలియదు. నాకు వచ్చిన క్యాసనూరు అడవి జ్వరాన్ని మనుషులకు అంటించేది ఎక్కువగా ఈ దశలోని పిడుదులే.

మాది హిందూపురం దగ్గర పల్లె. మా ఇంట్లో వీటిని గోమార్లు అనేవాళ్ళం. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు నాన్న అప్పుచేసి కొన్న సంకరజాతి ఆవు వారం రోజుల జ్వరంతో చనిపోయింది. భుజం ముందు బిళ్ళ కట్టింది, మేత మానింది, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయింది. రక్తపు చుక్కను గాజుపలక మీద పరీక్షించి అది థైలీరియా అనీ, గోమార్ల వల్ల వచ్చేదనీ పశువైద్యుడు చెప్పేసరికి సూది వేసినా ఫలితం లేని స్థితికి చేరింది. నేను పశుసంవర్ధక డిప్లొమా చదవడానికీ, తర్వాత 2022 నవంబరులో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో పిడుదుల సర్వేలో క్షేత్ర సహాయకుడిగా చేరడానికీ ఆ ఆవే కారణం. సరిహద్దు ఊరివాణ్ణి కాబట్టి కన్నడం కొత్తేమీ కాదు.

అక్కడివాళ్ళు క్యాసనూరు అడవి జ్వరాన్ని మంగన కాయిలె, అంటే కోతి జబ్బు అంటారు. 1957లో అదే జిల్లా సొరబ తాలూకాలోని క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపడటం, చుట్టుపక్కల పల్లెల్లో జనం జ్వరాల పాలవడం చూసి, ఎల్లో ఫీవర్ భారతదేశంలోకి వచ్చేసిందేమోనని మొదట భయపడ్డారట. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు అది వేరే వైరస్ అనీ, పిడుదుల ద్వారా వస్తుందనీ తేల్చారు. కొండముచ్చులకూ, ఎర్రమూతి కోతులకూ ఇది ప్రాణాంతకం. కోతి చచ్చి చల్లబడగానే దాన్ని పట్టుకుని ఉన్న పిడుదులు కిందికి దిగి, ఆ చెట్టు చుట్టూ ఆకుల్లో కాచుకుని ఉంటాయి. అందుకే కళేబరం దొరికిన చోటు చుట్టూ 50 మీటర్ల మేర మలాథియాన్ పొడి చల్లుతారు. విచిత్రమేమిటంటే పశువులకు ఈ వైరస్ వల్ల ఏ జబ్బూ రాదు, కానీ పెద్ద పిడుదులు వాటి రక్తం తాగే గుడ్లు పెడతాయి. కాబట్టి అడవిలో పశువులు మేసేచోట పిడుదుల సంతతి పెరుగుతుంది. ఆవును చంపిన గోమారి కథ విని పెరిగిన నాకు, ఆవును ఏమీ చేయకుండా మనిషిని పడగొట్టే ఈ లెక్క అర్థం కావడానికి కొంత కాలం పట్టింది.

మా పని చెప్పడానికి తేలిక. కర్రకు కట్టిన తెల్లటి ఫ్లానెల్ గుడ్డను ఎండుటాకుల మీద ఈడ్చుకుంటూ పది అడుగులు నడవాలి, తిరగేసి చూడాలి, అంటుకున్న పిడుదులను ఏరి సీసాలో వేసి, ఊరు, తేదీ, చోటు రాసిన చీటీ అంటించాలి. పశువుల చెవుల్లో, పొదుగు దగ్గర పట్టినవాటికి వేరే సీసా. ప్రయోగశాలలో వాటిని మంచు పలక మీద ఉంచి జాతినీ, దశనూ గుర్తించి, ఒకే రకంవాటిని గుంపులుగా నూరి, వైరస్ ఉందేమో పీసీఆర్ పరీక్ష చేస్తారు. ఒక గుంపులో వైరస్ ఉందంటే ఆ ఊరివాళ్ళకు ప్రమాదం పొంచి ఉందని అర్థం.

2024 ఫిబ్రవరి 7న ఒక వక్కతోట పక్కనున్న సొప్పిన బెట్టలో, అంటే తోటకు ఎరువుగా ఆకు కోసుకునే కొండవాలులో, కొండముచ్చు చచ్చి పడి ఉందని కబురు వచ్చింది. మేము వెళ్ళేసరికే కుళ్ళిపోయి ఉన్నందువల్ల దాని నుంచి నమూనా తీయడం కుదరలేదు. పొడి చల్లకముందే పిడుదులను పట్టాలని హడావుడి పడ్డాం. పిడుదులు పట్టకుండా ఉదయం పూసుకున్న డీపా నూనె చెమటకు కారిపోయింది, మధ్యాహ్నం మళ్ళీ పూసుకోవలసింది, పూసుకోలేదు. రాత్రి బసలో కరెంటు లేక, ఒళ్ళు వెతుక్కోకుండా, వేడినీళ్ళ స్నానం కూడా చేయకుండా నిద్రపోయాను. తప్పు నాదే. టీకా వేయించుకోలేదా అని తర్వాత చాలామంది అడిగారు. ఏళ్ళ తరబడి వాడిన పాత టీకా సరిగా పనిచేయడం లేదని 2022లోనే ఆపేశారు. నేను చేరేనాటికి వేయించుకోవడానికి టీకా అన్నదే లేదు.

11న స్నేహితుడి పెళ్ళికని ఇంటికి వచ్చాను. 13 మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డిస్తూ ఉండగా, ఎవరో వెనక నుంచి నెట్టినట్టు చలి పట్టుకుంది. గంట తిరిగేసరికి జ్వరం 103 దాటింది. నుదురు పగిలిపోతున్నంత నొప్పి, నడుమూ పిక్కలూ కదిపితే ప్రాణం పోయినంత బాధ, కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి. పట్టణంలో చూసిన వైద్యుడు పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు. నేను చేసే పని చెప్పి, కోతి జ్వరమేమో చూడండని అడిగాను. మన వైపు అలాంటివి లేవు బాబూ అని నవ్వి, నొప్పికి సూది వేసి పంపించారు. ఆయనను తప్పుపట్టాలంటే మనసు ఒప్పడం లేదు. మా ప్రాంతంలో ఆ జబ్బు లేదన్నది నిజమే, కానీ ఆ జబ్బున్న చోటి నుంచి మనిషి వచ్చి కూర్చున్నాడన్నదీ నిజమే. రక్తస్రావం అయ్యే జ్వరాల్లో అలాంటి నొప్పి సూదులు ప్రమాదమని నాకు అప్పుడు తెలియదు.

అయిదో రోజు పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు ఆగలేదు. ఫోనులో ఆ మాట వినగానే మా సర్వే అధికారి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బయలుదేరమన్నారు. అమ్మా, మావయ్యా నన్ను కారులో పడుకోబెట్టి రాత్రికి రాత్రి శివమొగ్గ చేర్చారు. ప్లేట్‌లెట్లు 41,000కు, తెల్లకణాలు 1,900కు పడిపోయాయి. వైరస్ నిర్ధారణ ప్రయోగశాలకు పంపిన రక్తంలో క్యాసనూరు అడవి జ్వరం ఉన్నట్టు మర్నాడే తేలింది. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్, పారాసిటమాల్, రక్తపోటు పడిపోకుండా కాపలా, రోజుకు రెండుసార్లు రక్తపరీక్ష, అంతే వైద్యం. జబ్బు వచ్చినవారిలో నూటికి మూడు నుంచి అయిదుగురు చనిపోతారన్న లెక్క సర్వే శిక్షణలో నేనే ఊరివాళ్ళకు చదివి వినిపించేవాణ్ణి. మంచం మీద ఆ లెక్క మరో రకంగా వినిపించింది. మనిషి నుంచి మనిషికి అంటదని తెలిసి కూడా అమ్మను దూరంగా కూర్చోమనేవాణ్ణి. "నీకు పుట్టినప్పటి నుంచి వచ్చిన జ్వరాలన్నీ నేను చూసినానులే నాయనా" అని ఆమె కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకునేది.

23న జ్వరం విడిచింది, మరునాడు ఇంటికి పంపారు. ఈ జబ్బులో కొందరికి మూడో వారంలో మళ్ళీ తిరగబెడుతుందని చీటీ మీద రాసే ఇచ్చారు. కానీ ఆకలి తిరిగి వచ్చి, అమ్మ చేసిన రాగిసంగటిని రెండు పూటలా తింటున్నవాడికి ఆ వాక్యం గుర్తుంటుందా? వారం గడవగానే పొలం దాకా నడిచాను, సెలవు ముగించి పనిలో చేరతానని ఫోను కూడా చేశాను. బంధువులు వచ్చి చూసి, గండం గడిచిందన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మార్చి 5 తెల్లవారుజామున లేచి నిలబడితే గోడ పక్కకు ఒరిగినట్టు కనిపించింది. జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి నెత్తుటి కణాలు బాగానే ఉన్నాయి, బాగాలేనిది తల. మెడ వంగలేదు, వెలుతురు చూడలేకపోయాను, చేతులు వణికాయి, ఎదురుగా ఉన్న మావయ్యను నాన్న అనుకుని ఏదేదో మాట్లాడానట. మొదటి జ్వరంలో నొప్పి ఎంత ఉన్నా బాధపడుతున్నది నేనే అన్న స్పృహ ఉండేది. రెండోసారి ఆ స్పృహ కూడా సగమే. వెన్నులో నుంచి నీరు తీసి పరీక్షించి, మెదడు పొరల్లో వాపు ఉందన్నారు. పది రోజులు మళ్ళీ అదే శివమొగ్గ ఆసుపత్రిలో ఉన్నాను. తగ్గింది మాత్రం మందుల వల్ల అని చెప్పలేను, శరీరం తన వేళకు తాను తేరుకుంది.

ఆసుపత్రిలో ఉండగానే, మార్చి 12న, ఫిబ్రవరి 7 నాటి సీసాలోని నింఫ్‌లలో వైరస్ ఉందని ఫలితం వచ్చింది. సరిగ్గా 34 రోజులు. ఆ బెట్టలో వైరస్ ఉందన్న సంగతి నా రక్తం అంతకు మూడు వారాల ముందే చెప్పేసింది. నమూనాలు పోగుపడటం, వరుసలో వేచి ఉండటం, సిబ్బంది తక్కువ కావడం, ఇవన్నీ నాకు తెలిసినవే, వాటిలో నా చేతి ఆలస్యం కూడా కొంత ఉండేదేమో. అయినా ఫలితం మనిషి కన్నా వెనక నడిచే సర్వే ఎవరికి హెచ్చరిక అన్న ప్రశ్న ఆ మంచం మీదే మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు. ఇంటికి పంపిన రోజు డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టబోతే అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా వచ్చాయి, అమ్మ వేలిముద్ర వేసింది.

చేతి వణుకు తగ్గడానికి మూడు నెలలు పట్టింది. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం కాగానే మత్తు, ఏ చిన్న చలికైనా ఉలికిపాటు దసరా దాకా ఉన్నాయి. కొత్త టీకా కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ పనిచేస్తోందని తెలిసినప్పుడు, ఆ వార్తను అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

డిసెంబరులో మళ్ళీ సాగర వెళ్ళాను. ఇప్పుడు నా పద్ధతి మారింది. కోతి చచ్చిందన్న కబురు అందగానే, ఏ ఫలితం కోసమూ చూడకుండా, చుట్టుపక్కల ఇళ్ళకు నేనే నడిచి వెళ్ళి చెబుతాను. ఆ బెట్ట కింది ఇంట్లో ఉండే అజ్జి, అంటే అవ్వ, నన్ను గుర్తుపట్టి, బతికి వచ్చావా మగా (బిడ్డా) అని మజ్జిగ ఇచ్చింది. ఆమె ఆవుల కొట్టంలో ఎప్పటిలాగే బెట్ట నుంచి తెచ్చిన ఎండుటాకులు మోకాలి లోతున పరిచి ఉన్నాయి. ఆకు తేవద్దంటే కొట్టం ఎలా శుభ్రం చేయాలి, తోటకు ఎరువేం వేయాలి అని ఆమె అడిగింది, నా దగ్గర జవాబు లేదు. కాళ్ళకూ చేతులకూ డీపా నూనె పూసుకుని వెళ్ళమనీ, మధ్యాహ్నం మరోసారి పూసుకోమనీ చెప్పి, ఆమె ఆవుల చెవుల్లో ఉన్న పిడుదులను ఏరడం మొదలుపెట్టాను.