మ్యాక్స్ ప్లస్ వన్‌తో నా తిప్పలు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చా. అప్పట్లో నాకు తెలిసిన విద్య ఒక్కటే: బిల్లుల టేబుల్లో పెద్ద నంబర్ (మ్యాక్స్) ఏదో చూడు, ఒకటి కలుపు, అదే కొత్త బిల్లు ఐడీ. ఏడాది పాటు బాగానే నడిచింది, ఎందుకంటే ఉన్నది ఒకటే కంప్యూటర్. కాటా దగ్గర రెండోది పెట్టిన వారంలోనే ఫోన్ వచ్చింది. "ఏందబ్బయ్యా ఇది, డూప్లికేట్ ఎంట్రీ 1418 అంటంది, బయట లారీ ఆగిపోయింది."

ఇద్దరూ ఒకే క్షణంలో 1417 చూశారు, ఇద్దరికీ 1418 వచ్చింది. ముందు నొక్కినాయనది ఎక్కింది, రెండోదాన్ని ప్రైమరీ కీ, అంటే ఒకే ఐడీ రెండుసార్లు రానివ్వని డేటాబేస్ కట్టుబాటు, ఆపేసింది. అది ఆపబట్టే బతికిపోయా, లేకపోతే ఒకే నంబర్‌తో రెండు లారీలు ఒంగోలు దాటేవి. చివరి బిల్లు డిలీట్ కొడితే అదే నంబర్ ఇంకొకరికి పోతోందని కూడా అప్పుడే చూశా.

సరే, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ కదా, తర్వాతి నంబర్ అదే ఇచ్చేలా ఆటో ఇంక్రిమెంట్ పెట్టేశా. ఎంతమంది ఒకేసారి అడిగినా ఎవరి నంబర్ వాళ్లకి ఇస్తుంది. కాకపోతే మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్ దాకా, లోపల డేటా దాచే ఇన్నోడీబీ ఆ లెక్కని మెమరీలోనే పెట్టుకునేది, సర్వర్ ఆగి లేస్తే మళ్లీ మ్యాక్స్ చూసుకుని మొదలెట్టేది. కరెంటు పోని రోజు లేని యార్డులో అది నమ్మలేం. లెక్కని డిస్కులో దాచుకునే 8.0కి మారాక ఆ టెన్షన్ పోయింది.

ఇక అకౌంటెంట్ గారు మొదలెట్టారు. "1502 తర్వాత 1504 ఏంది? 1503 ఏమైపోయింది?" ఏమీ కాలేదు, ఆ బిల్లు రాసే ట్రాన్సాక్షన్ మధ్యలో చెడి రోల్‌బ్యాక్ అయింది, అంటే రాసిందంతా వెనక్కి పోయింది, తీసుకున్న నంబర్ మాత్రం వెనక్కి రాదు. కావాలనే అలా చేశారు, లేకపోతే ఒకరి పని తేలేదాకా మిగతావాళ్లంతా క్యూలో నిలబడాలి. ఆయన మాత్రం జీఎస్టీ రూల్ 46 తీసి చూపించారు: బిల్లు నంబర్ వరుసగా ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఆయన చెప్పింది నిజమే. ఐడీనే బిల్లు నంబర్‌గా వాడేసిన నాదే తప్పు.

ఇప్పుడు ఐడీ టేబుళ్లని కలపడానికే, ఎవరికీ కనపడదు. బిల్లు నంబర్‌కి వేరే చిన్న టేబుల్, ఏడాదికో వరుస. సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో ఆ వరుసని ఇంకొకరు ముట్టకుండా లాక్ చేసి, ఒకటి పెంచి, బిల్లు కూడా అదే ట్రాన్సాక్షన్‌లో రాస్తున్నా, చెడితే రెండూ కలిసే వెనక్కి పోతాయి. క్యూ ఉంటుంది, ఉండనీ, రోజుకి ఎన్ని లారీలు గనక! డిలీట్ బటన్ పీకేసి 'రద్దు' అని పెట్టా, దానికే కాటా ఆయన ఇంకా గొణుగుతున్నాడు.