మామూలు లాగిన్‌తో కెర్నెల్ అడ్రసులు చదవడం: నా అనుభవం

అనంతపురంలో ఎంటెక్ చేసేటప్పుడు నా ప్రాజెక్టు ఇది: లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) ఏ ఫంక్షన్లో ఎంతసేపు గడుపుతోందో ల్యాబ్‌లో పిల్లలకు చూపించే ప్రోగ్రాం. ఆ లెక్కలుండే ప్రొఫైల్ రికార్డును ల్యాబ్ అసిస్టెంటు (మేం ‘అన్న’ అంటాం) రూట్‌లో, అంటే అన్ని అధికారాలున్న లాగిన్‌లో, తీసిస్తాడు. అందులో ఉండేవి ఉత్త అడ్రసులు. వాటిని ఫంక్షన్ల పేర్లుగా మార్చడం నా ప్రోగ్రాం పని, అదీ స్టూడెంట్ లాగిన్‌లోనే.

పేర్ల పట్టిక ప్రోక్ డైరెక్టరీలో కాల్‌సిమ్స్ అనే ఫైల్లో ఉంటుంది. ఎవరైనా తెరవచ్చు. తెరిస్తే ‘షెడ్యూల్’ అన్న పేరుంది, అడ్రసు ఉండాల్సిన చోట పదహారు సున్నాలు! కింద లైన్లన్నీ అంతే. పక్క సిస్టంలోని ఫ్రెండు తొంగి చూసి, "ఏమప్పా, అన్నీ సున్నాలే ఉండాయే" అన్నాడు. అన్న సుడోతో, అంటే రూట్ అధికారంతో, చూస్తే మాత్రం అడ్రసులు వరసగా వచ్చాయి.

ఈ దాపరికం ఊరికే పెట్టలేదు. కేఏఎస్ఎల్ఆర్ (దాడి చేసేవాళ్లకు కెర్నెల్ చోటు దొరక్కుండా చేసే రక్షణ) ఉంటే బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ మెమరీలో వేరే చోట కూర్చుంటుంది. లినక్స్‌లోకి 2014లో వచ్చింది, ఇంటెల్ తరహా మెషీన్లలో 2017 నుంచి డీఫాల్ట్. అడ్రసులు అందరికీ కనబడితే ఆ ఏర్పాటంతా దండగే. మాకు దీంతో ఇంకో తంటా కూడా: మధ్యలో కరెంటు పోయి మెషీన్ రీబూట్ అయితే, పొద్దున తీసిన రికార్డుకు కొత్త అడ్రసులతో పొంతన కుదరదు.

ఈ అడ్రసులను దాచే కెపిటిఆర్ రెస్ట్రిక్ట్ అనే సెట్టింగును సున్నా చేస్తే చాలని చాలామంది అంటారు. అన్నతో చేయించి చూశాం. మళ్లీ సున్నాలే! కెర్నెల్ సోర్సు తీసి చదివితే తెలిసింది: అది సున్నా అయినా, పర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ (ప్రొఫైల్ తీయడం ఎవరికి ఎంతవరకు కుదురుతుందో చెప్పే సెట్టింగు) విలువ 1 లేదా అంతకన్నా తక్కువ ఉంటేనే మామూలు యూజర్‌కు అడ్రసులిస్తుంది. మా ఉబుంటులో అది 4. రెండూ తగ్గిస్తే పనవుతుంది గానీ ల్యాబంతా బార్లా తెరిచినట్టే. అన్న ఒప్పుకోలేదు, నాకూ నచ్చలేదు.

చివరికి సెట్‌క్యాప్ అనే కమాండుతో నా ప్రోగ్రాం ఒక్కదానికే, ఈ అడ్రసులు చూడనిచ్చే క్యాప్ సిస్‌లాగ్ అనే అధికారం ఇప్పించాను. రూట్‌కుండే అధికారాల్లో ఇదొక చిన్న ముక్క. ఫైలు తెరవగానే ఆ అధికారం వదిలేసేలా రాశాను. అనుమతి చూసేది తెరిచేటప్పుడే కాబట్టి చదవడం ఆగలేదు.

విసిగించింది ఇక్కడే. కంపైల్ చేసిన ప్రతిసారీ ఆ అధికారం ఊడిపోతుంది, మళ్లీ అన్న దగ్గరికి పరుగు. మామూలుగా కాపీ చేసినా పోతుంది. ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో అసలు నిలవదు. పైథాన్ స్క్రిప్టుకు ఇచ్చినా లాభం లేదు. స్క్రిప్టును నడిపే ఇంటర్‌ప్రెటర్‌కే ఇవ్వాలి, అదిస్తే ప్రతి స్క్రిప్టుకూ ఇచ్చినట్టే. అందుకే సీ లో రాశాను. మా ల్యాబ్ గ్రూపువాళ్లు తప్ప ఎవరూ నడపకుండా పర్మిషన్లు బిగించి, తెరమీద పేర్లే తప్ప అడ్రసులు రాకుండా చూశాను.

వైవాలో సార్ ఒకే ప్రశ్న అడిగారు: "రూట్‌కు కూడా కనబడకూడదంటే?" కెపిటిఆర్ రెస్ట్రిక్ట్ 2 చేసి చూపించాం. సుడోతోనూ సున్నాలే, నా ప్రోగ్రాంకూ సున్నాలే. రూట్ తలచుకుంటే ఆ 2ను మళ్లీ మార్చుకోగలదనీ చెప్పాను. సార్ తలూపి సంతకం పెట్టారు. అన్న దాన్ని మళ్లీ 1కి మార్చేశాడు.