కయెన్‌కి ఒక ప్లగిన్ రాసి బయటపెట్టేదాకా: నా అనుభవం

మా టీమ్‌లో డేటాబేస్ పనంతా, జావా ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే అపాచీ కయెన్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. ఇదే పని చేసే హైబర్నేట్‌కి ఉన్నంత పేరు దీనికి లేదు గానీ నిన్నా మొన్నా వచ్చింది కాదు. 2006 చివర్లోనే అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో పూర్తి స్థాయి ప్రాజెక్టు అయింది. టేబుళ్లు, కాలమ్‌లు, వాటి మధ్య సంబంధాలు అన్నీ మ్యాపింగ్ ఫైల్ అనే ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. ఆ ఫైల్ చదివి జావా క్లాసులు తయారుచేసే పనిని సీజెన్ అంటారు. దీన్ని బిల్డ్‌లోనే, అంటే కోడ్‌ని ప్రోగ్రామ్‌గా కట్టే దశలోనే నడపడానికి, ఆ కట్టే పని చేసే టూల్స్ మేవెన్‌కీ గ్రేడిల్‌కీ కయెన్ వాళ్ల సొంత ప్లగిన్లు ఉన్నాయి. వాటికి తోడుగా మేం ముగ్గురం ఖాళీ సమయంలో ఇంకో చిన్న ప్లగిన్ రాసి బయటపెట్టాం. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే వాళ్లకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ఈ ప్లగిన్ అవసరం ఎలా వచ్చిందంటే, సీజెన్ ఒక్కో టేబుల్‌కి రెండు క్లాసులు ఇస్తుంది. ఆర్టిస్ట్ అనే టేబుల్ ఉంటే, ముందు అండర్‌స్కోర్ పెట్టిన _ఆర్టిస్ట్ ఒకటి, దాన్నుంచి వచ్చే ఆర్టిస్ట్ ఇంకొకటి. అండర్‌స్కోర్ క్లాసు పూర్తిగా సీజెన్‌దే, మళ్లీ నడిపినప్పుడు దాన్ని తిరగరాస్తుంది. ఈ క్లాసుని చేత్తో మార్చొద్దని ఆ ఫైల్ మొదట్లోనే కామెంట్ ఉంటుంది. రెండోది మనది, మన లాజిక్ అందులో రాసుకుంటాం, సీజెన్ దాన్ని ఒక్కసారి తయారుచేసి ఇక ముట్టుకోదు. చాలా టీములు ఈ రెండింటినీ, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్ చేస్తాయి. కోడ్ రివ్యూలో మార్పు కళ్లకి కనిపిస్తుంది కాబట్టి నాకూ అదే పద్ధతి నచ్చుతుంది. కాకపోతే ఒకరు మ్యాపింగ్ మార్చి క్లాసులు తయారుచేయకుండానే కమిట్ చేయొచ్చు. ఇంకొకరు అండర్‌స్కోర్ క్లాసులో చేత్తో రెండు లైన్లు పెట్టొచ్చు. రెండు సందర్భాల్లోనూ కంపైల్ మామూలుగా అయిపోతుంది. తేడా కొన్ని వారాల తర్వాత, దాంతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి సీజెన్ నడిపినప్పుడు బయటపడుతుంది. గిట్‌లో ఉన్న క్లాసులూ మ్యాపింగ్ ఫైలూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని బిల్డ్‌లోనే చూసి, లేకపోతే బిల్డ్ ఆపేయడం మా ప్లగిన్ పని.

నేను హైదరాబాద్‌లో, గుంటూరు నుంచి వెళ్లి స్థిరపడ్డ ఒక అన్న డాలస్‌లో, మేవెన్ లోతుగా తెలిసిన ఒక మేడమ్ పుణెలో. మాకు పొద్దున, అన్నకి రాత్రి భోజనం అయ్యాక, అదే మేం మాట్లాడుకునే వేళ.

చెప్పుకుంటే చిన్న పనే. ఖాళీ ఫోల్డర్లోకి సీజెన్ నడిపి, వచ్చిన ఫైళ్లని గిట్‌లోని ఫైళ్లతో పోల్చాలి. కయెన్ గ్రేడిల్ ప్లగిన్‌లో సీజెన్ టాస్క్ టైప్‌ని మనమూ వాడుకోవచ్చు కాబట్టి, అవుట్‌పుట్ ఫోల్డర్ మార్చి ఇంకో టాస్క్ రిజిస్టర్ చేస్తే సగం పని అయినట్టే. ఫోల్డర్ ఖాళీ కాబట్టి సీజెన్ అండర్‌స్కోర్ క్లాసుతో పాటు రెండో క్లాసునీ కొత్తగా రాస్తుంది. ఆ రెండోది గిట్‌లో ఉన్నదానితో ఎలాగూ సరిపోదు, అందులో మనుషులు రాసుకున్న లాజిక్ ఉంటుంది. అందుకే అండర్‌స్కోర్ క్లాసులనే పోల్చాలని మొదటే నిర్ణయించుకున్నాం.

ఎక్కువ రోజులు తిన్నది లైన్ ఎండింగ్స్. విండోస్ మీద గిట్ సెట్టింగ్‌ని బట్టి చెక్అవుట్ అయ్యే ఫైల్లో ప్రతి లైన్ చివరా రెండు క్యారెక్టర్లు ఉండొచ్చు, మన ఖాళీ ఫోల్డర్లో తయారైన ఫైల్లో ఒకటే ఉండొచ్చు. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు ఫైళ్లూ అచ్చుగుద్దినట్టు ఒకటే, ప్లగిన్ మాత్రం మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా తేడా ఉందంటుంది. దాంతో పోల్చే ముందు రెండు వైపులా లైన్ చివర్లని ఒకే తీరుకి తెచ్చాం. అక్కడితో అయిపోలేదు. టాస్క్ మళ్లీ నడపాలా వద్దా అని గ్రేడిల్ చూసుకునేటప్పుడు కూడా అదే తేడా అడ్డొస్తుంది. దీనికోసమే గ్రేడిల్ 7.2లో నార్మలైజ్ లైన్ ఎండింగ్స్ అనే అనోటేషన్ వచ్చింది, దాన్ని ఇన్‌పుట్ మీద పెట్టాం.

ప్లగిన్ రాయడంలో అసలు విషయం ఇక్కడే ఉందని నా నమ్మకం. డేటాబేస్ మ్యాపింగ్ తెలివంతా ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది. ప్లగిన్ రాసేవాడు చేయాల్సింది, ఏ ఫైళ్లు చదువుతున్నాడో, ఎక్కడ రాస్తున్నాడో బిల్డ్ టూల్‌కి ఒక్కటీ దాచకుండా చెప్పడం. మ్యాపింగ్ ఫైల్ ఇన్‌పుట్ అని చెప్పి, క్లాసు ఏ రూపంలో రావాలో చెప్పే టెంప్లేట్ ఫైల్ సంగతి వదిలేస్తే, టెంప్లేట్ మారినా గ్రేడిల్ ‘అప్ టు డేట్’ అని టాస్క్‌ని దాటేస్తుంది. తప్పు ఉన్నా పచ్చటి బిల్డ్ వస్తుంది. తనిఖీ కోసం పెట్టుకున్న ప్లగిన్ అలా ప్రవర్తిస్తే అది లేకపోవడమే నయం. బిల్డ్ సెటప్‌ని దాచుకుని తర్వాతిసారి మళ్లీ వాడుకునే గ్రేడిల్ కాన్ఫిగరేషన్ క్యాష్ కూడా ఇదే క్రమశిక్షణ అడుగుతుంది. టాస్క్ నడిచే సమయంలో ప్రాజెక్ట్ ఆబ్జెక్ట్‌ని ముట్టుకోకూడదు, కావాల్సిన పాత్‌లన్నీ ముందే ప్రాపర్టీలుగా తీసిపెట్టుకోవాలి. అది గ్రేడిల్ 8.1లో స్థిరమైన ఫీచర్ అయింది కాబట్టి, కొత్తగా రాసేవాళ్లు మొదటి రోజు నుంచే దాన్ని ఆన్ చేసి రాయడం మంచిది. టెస్టులకి, ప్లగిన్లని పరీక్షించడానికి గ్రేడిలే ఇచ్చే గ్రేడిల్ రన్నర్‌తో వేర్వేరు గ్రేడిల్ వెర్షన్ల మీద చిన్న చిన్న ప్రాజెక్టులు నడిపించాం.

మేవెన్ భాగం మేడమ్ చూశారు. మోజో, అంటే మేవెన్ ప్లగిన్‌లో ఒక పని చేసే క్లాసు, రాయడం తొందరగానే అయింది. ఆవిడ పట్టుబట్టినవి చిన్నగా కనిపించే విషయాలు. మొదటిది పేరు. మేవెన్ అనే మాట ముందు వచ్చి ప్లగిన్ అనే మాట చివర వచ్చే పేర్లు అపాచీ మేవెన్ టీమ్‌వి, మనం ఏదైనా పేరు పెట్టి చివర ‘మేవెన్ ప్లగిన్’ అని తగిలించాలి. రెండోది ఎక్సెప్షన్. క్లాసులు సరిపోకపోతే అది వాడేవాళ్లు సరిచేసుకోవాల్సింది కాబట్టి మోజో ఫెయిల్యూర్, ఫైల్ చదవడమే కుదరకపోతే మోజో ఎగ్జిక్యూషన్. మూడోది, థ్రెడ్ సేఫ్ (ఒకేసారి పలుచోట్ల నడిచినా ఇబ్బంది లేదు) అని మార్క్ చేయడం, లేకపోతే ప్యారలల్ బిల్డ్‌లో మేవెన్ వార్నింగ్ ఇస్తుంది. మార్క్ చేసే ముందు స్టాటిక్ వేరియబుల్స్ ఏవీ లేవని లైన్ లైన్ చదివారు.

పబ్లిష్ చేయడం వేరే లోకం. జావా లైబ్రరీలు అందరికీ దొరికే మేవెన్ సెంట్రల్‌కి జార్ (కంపైల్ అయిన కోడ్ ప్యాకేజీ) ఒక్కటే చాలదు. సోర్స్ జార్, జావాడాక్ జార్, ప్రతి ఫైల్‌కీ జీపీజీ డిజిటల్ సంతకం, పామ్ అనే ప్రాజెక్టు వివరాల ఫైల్లో లైసెన్స్, డెవలపర్ వివరాలు, కోడ్ ఎక్కడుందో లింకు, ఇవన్నీ కావాలి. నేమ్‌స్పేస్, అంటే ప్లగిన్ పేరు ముందు వచ్చే గ్రూప్ పేరు, మనదేనని రుజువు చేయాలి. సొంత డొమైన్ లేనివాళ్లకి గిట్‌హబ్ ఖాతా పేరుతో వచ్చేది సులువు, మేమూ అదే తీసుకున్నాం. గ్రేడిల్ ప్లగిన్ పోర్టల్లో మొదటి వెర్షన్‌ని వాళ్లు చూసి ఆమోదించాకే బయటికొస్తుంది. అపాచీ అనే పేరు మన ప్లగిన్ పేరుగా పెట్టుకోకూడదు, ‘అపాచీ కయెన్ కోసం’ అని వివరణలో రాసుకోవచ్చు. సెంట్రల్‌లో ఒకసారి పెట్టిన వెర్షన్‌ని మళ్లీ మార్చలేం. ఆ బటన్ నొక్కే ముందు డాలస్ అన్న, “ఆగు తమ్ముడూ, ఒక ఖాళీ ప్రాజెక్టులో, లోకల్ రిపోజిటరీ మొత్తం తుడిచేసి, కొత్తవాడిలా రీడ్‌మీ చూసి చెయ్యి” అన్నాడు. రీడ్‌మీలో మాకు తెలుసు కాబట్టి రాయకుండా ఊరుకున్న మెట్లు అప్పుడు కనబడ్డాయి. అవి చేర్చాకే వదిలాం.

మాకు ముక్కూ మొహం తెలియని ఒకాయన కొన్నాళ్లకి ఇష్యూ పెట్టారు. వాళ్లు కయెన్ ఇచ్చే వెలాసిటీ టెంప్లేట్ బదులు సొంతది వాడుతున్నారు, అందులో తయారైన తేదీ కూడా వస్తుంది. తేదీ రోజూ మారుతుంది కాబట్టి మా చెక్ రోజూ ఫెయిల్. ఫలానా లైన్లు పట్టించుకోవద్దు అనే ఆప్షన్ పెట్టమని అడిగారు. ముగ్గురం చాలాసేపు మాట్లాడుకుని పెట్టకూడదనుకున్నాం. ఆ ఆప్షన్ ఉంటే రేపు ఇంకొకరు దాంతో సగం ఫైల్‌ని దాటేయొచ్చు, చెక్‌కి అర్థమే ఉండదు. టెంప్లేట్లోంచి తేదీ తీసేస్తే ఒకే ఇన్‌పుట్‌కి ఎప్పుడూ ఒకే అవుట్‌పుట్ వస్తుందని, ఆ లైన్ ఎలా తీయాలో చూపిస్తూ జవాబు రాశాం. ఆయన తీసేశారు. తేడా వచ్చినప్పుడు ఫైల్ పేరుతో పాటు మొదట ఏ లైన్లో తేడా ఉందో కూడా చూపిస్తే బాగుంటుందని చెప్పి, కోడ్ కూడా ఆయనే పంపారు. ఆ పుల్ రిక్వెస్ట్‌ని మెర్జ్ చేశాం. మేవెన్ వైపు అదే మార్పుకి టెస్టులు రాయాల్సి ఉంది, ఎవరికైనా ఆసక్తి ఉంటే అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.