కల్చర్‌లో ఏం రాలే

"ఉత్త నీళ్లే. కల్చర్‌లో, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షల, ఏం పెరగలే. రోగం పిల్లగానికి కాదమ్మా, నీకుంది." రిపోర్టు బల్ల మీద పడేసి ఆ డాక్టరు అన్న మాట. మా చిన్నోని కర్ణభేరికి గాటు పెట్టి లోపలి జిగటను పీల్చి తీసింది ఆయనే. చెవి మళ్లీ నిండిందని చెప్తే నవ్విండు.

అంతకుముందు తాగించిన సీసాల సంగతి, బడిల మొద్దు అన్న సంగతి వదిలేస్తున్న. కరెంటు పోయిన ఆ రాత్రి మాత్రం మనసుల నుంచి పోదు. మాది పరకాల దిక్కు. గాలివాన. వాకిట్ల నుంచి పిలిచిన, పలకలే. ఒర్రిన, పలకలే. లోపలికి ఉరికి ఫోన్ లైటేస్తే మంచం మీద కండ్లు తెరుచుకునే కూసున్నడు. నన్ను చూసినంక "అమ్మా, ఎటు పోయినవ్?" అని ఏడ్సుడు. పగలంతా మా మూతులు చూసి జవాబు చెప్తున్నడని అప్పుడు సమజైంది. కాళ్లల్ల సత్తువ పోయింది. మా అత్తమ్మ అక్కడికక్కడే సమ్మక్కకు ఎత్తు బంగారం, అంటే వాని బరువంత బెల్లం, మొక్కింది.

హన్మకొండల ఇంకో డాక్టరమ్మ టింపనోమెట్రీ చేసిన్రు, చెవిలకు గాలి ఒత్తిడి పంపి కర్ణభేరి కదులుతదా అని చూసే పరీక్ష. గుట్ట లెక్క లేవాల్సిన గీత సాపుగ పోయింది. పాత రిపోర్టు చూసి, "క్రిములు ప్లేటుల పెరిగితేనే కల్చర్‌కు దొరుకుతయ్. కొన్ని చెవి లోపలి పొరకు అతుక్కొని, జిగురు కప్పుకొని పడుంటయ్. అవి పెంచితే పెరగయ్" అన్నరు. అమెరికాల పిల్లల చెవుల నుంచి తీసిన 97 నమూనాలు చూస్తే కల్చర్‌ల 28టిల క్రిములు తేలినయట. పీసీఆర్ అనే పరీక్షతో క్రిముల డీఎన్ఏ వెతికితే 75టిల. ఇది 1995 నాటి ముచ్చట. చచ్చిన క్రిముల డీఎన్ఏ కావచ్చు కదా అన్నోళ్లూ ఉన్నరు. 2006ల ఆ పొర ముక్కల మీదనే బ్యాక్టీరియా గూళ్లను సూక్ష్మదర్శినిల చూసిన్రు.

"మరి మనమూ ఆ పీసీఆర్ చేపిద్దామా మేడం?" అనడిగిన.

"వద్దమ్మా. ఉన్నదని తేలినా వైద్యం మారదు. ఆ జిగురులకు మందు సరిగ చొరదు. చెవిలకు గాలి ఆడాలె."

ముక్కు ఎనక ఉండే అడినాయిడ్స్ కండ తీసి, రెండు చెవులకూ గ్రోమెట్లు, అంటే గాలి ఆడేటందుకు కర్ణభేరిల పెట్టే చిన్న గొట్టాలు, వేసిన్రు. తిరిగొచ్చేటప్పుడు బస్సుల చెవులు మూసుకొని "హారన్ లొల్లి" అన్నడు! ఆమె కాళ్లు మొక్కాలనిపించింది. ఆ ఎంటనే మొదటాయన మీద కోపం. పరీక్షకు దొరకకపోతే లేనట్టేనా? దొరకలేదని చెప్పి ఊకుంటే పోయేది, నన్ను పిచ్చిదాన్ని చేసుడెందుకు?

జలుబుతో చెవిల నీరు చేరితే చానామంది పిల్లలకు దానంతటదే పోతది. మూడు నెలలు దాటితే మాత్రం వినికిడి పరీక్ష చేపియ్యిన్రి. ఎల్లిగడ్డ నూనె పొయ్యకున్రి. మంచి కర్ణభేరి దాన్ని లోపలికి పోనియ్యదు, గ్రోమెట్ ఉంటే ఆ బొక్కల నుంచి పోయి చెరుపు చేస్తది. అత్తమ్మకు చెప్తే మూతి ముడిసింది కానీ, సీసా దాసిపెట్టింది.

మొక్కు ఇంకా బాకీ ఉన్నది. మేడారం జాతర రెండేండ్లకోసారి. వీడేమో ఇప్పుడు పిలిస్తే పలికి, పెట్టింది పెట్టినట్టు తింటున్నడు. బెల్లం ఖర్చు పెరుగుతున్నదని మా ఆయన గొణుగుడు.