డెమో క్లాసులో తుడిచేసిన మ్యాప్

నిన్న శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్ పోస్టుకి డెమో ఇచ్చాను. సర్టిఫికెట్లు చూడటం పది నిమిషాల్లో అయిపోయింది.

టాపిక్ నేనే ఎంచుకున్నాను: రెండో ప్రపంచ యుద్ధంలో స్విట్జర్లాండ్. తటస్థ దేశమంటే చేతులు కట్టుకుని కూర్చునే దేశమని చాలామంది అనుకుంటారు. బెల్జియం కూడా తటస్థ దేశమే, 1940 మే 10న జర్మనీ దాని మీద పడింది. తటస్థ దేశం తన నేలని ఆయుధం పట్టి కాపాడుకుంటే అది శత్రుచర్య కాదని 1907 హేగ్ ఒప్పందంలోనే ఉంది. స్విట్జర్లాండ్ 1939 ఆగస్టు 30న హెన్రీ గిజాన్‌ని జనరల్‌గా, అంటే మొత్తం సైన్యానికి అధిపతిగా, ఎన్నుకుంది. సుమారు 42 లక్షల జనాభాలో 4 లక్షల మందికి పైగా సైన్యంలోకి వచ్చారు. తిండి కోసం వాలెన్ పథకం కింద పార్కుల్లో, ఆటస్థలాల్లో బంగాళాదుంపలు వేశారు. "మన కోడి రామ్మూర్తి స్టేడియం దున్ని దుంపలు వేసినట్టు" అనగానే వెనక బెంచీవాళ్లు కూడా తలెత్తారు. కాగితం చూడకుండా చెప్పాను ఇవన్నీ.

ఫ్రాన్స్ లొంగిపోయాక 1940 జులై 25న గిజాన్ తన అధికారుల్ని రూట్లీ మైదానానికి పిలిచి, ముఖ్య సైన్యాన్ని ఆల్ప్స్ కోటల్లోకి తీసుకెళ్తున్నానని చెప్పాడు. బోర్డు మీద మ్యాప్ గీసి, ఆ కోటలున్న సార్గాన్స్ నుంచి గొట్టార్డ్ మీదుగా సెయింట్ మోరిస్ దాకా రంగు సుద్దతో నింపాను.

అప్పుడు సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వచ్చినాయన లేచి, డస్టర్ తీసుకుని మ్యాప్‌లో పై సగం తుడిచేశారు. "జ్యూరిక్, బాసెల్, బెర్న్ ఇక్కడే కదా మాస్టారూ? సైన్యం కొండల్లోకి పోతే ఇక్కడి ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎవరు కాస్తారు? ఇదేటి రక్షణ?"

నోరెండిపోయింది. "సరిహద్దు దళాలు..." అని ఆగిపోయాను. సుద్దపొడి నా చొక్కా చేతి మీద పడింది. పిల్లలు నవ్వారు. ఆయన నా జవాబు కోసం ఆగకుండానే వెళ్లి కూర్చున్నారు. ప్రశ్న మంచిదే. కానీ పిల్లల ముందు ఒకరు గీసింది తుడిచేయడం ఏ చదువు నేర్పిన మర్యాద?

ఆమదాలవలస బస్సెక్కాక జవాబు తోచింది. అవును సార్, అవసరమైతే ఆ నగరాల్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారు. కొండల్లో ఉన్న సైనికుల పెళ్లాం పిల్లలు చాలామంది ఉన్నది అక్కడే. జర్మనీ బొగ్గు ఇటలీకి చేరాలంటే ఆల్ప్స్ కొండల కింది గొట్టార్డ్, సింప్లాన్ రైలు సొరంగాలు కావాలి. దండెత్తి వస్తే వాటిని పేల్చేయడానికి ఏర్పాట్లు చేసి ఉంచారు. దేశం చిక్కినా దారి చిక్కదు. కానీ స్విట్జర్లాండ్ వాళ్లే ఆ జర్మనీకి ఆయుధాలూ అమ్మారు, ఆ సొరంగాల్లోంచి దాని బొగ్గు రైళ్లు నడిపారు. అదీ చెప్పి ఉండాల్సింది.

డెమోకి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మ్యాప్ బోర్డు మీద గీయకండి, చార్టు మీద గీసుకెళ్లండి.

ఈ ఉదయం ఫోన్ వచ్చింది, సోమవారం నుంచి రమ్మన్నారు. మొదటి క్లాసు ఆ పిల్లలకే. చార్టు తెచ్చి జ్యూరిక్, బాసెల్, బెర్న్ పేర్లు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాశాను.