తామర అనకండి, చేతికి ఏం తగుల్తుందో చెప్పండి

మాది మిర్యాలగూడ దిక్కు ఒక పల్లె దవాఖాన, నేను అండ్ల నర్సును. బీపీ, షుగర్ గోలీలకు వచ్చేటోళ్లు పోను మిగిలినోళ్లల్ల స్కిన్ కేసులే ఎక్కువ, చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింద వరి, రోజంత బురదల పని, చెమట, ఉక్కపోత, ఇంకేం రావాలె మరి. స్కిన్ డాక్టర్ మా దగ్గర ఉండరు కాబట్టి ట్యాబ్‌ల వీడియో కాల్ కలిపి స్కిన్ డాక్టర్ మేడమ్‌కు చూపిస్తం. చూపిస్తం అంటున్న గానీ అసలు చెప్పుడే ఎక్కువ, సిగ్నల్ ఆగి ఆగి వస్తది, ఫ్లాష్ వేస్తే ఉబ్బి ఉన్నది కూడ చదునుగ కనబడ్తది. అందుకే "తామర మేడమ్" అంటే ఆమె ఊకోదు, "పేరు నేను పెడ్త సిస్టర్, మీ చేతికి ఏం తగుల్తుందో అది చెప్పండి" అంటది.

ఈ చేతికి తగిలే ముచ్చటే అన్నిటికంటె ముందు. కండ్లు మూసుకొని దాని మీద వేలు పోనిస్తే ఏం తెల్వకపోతే, రంగు ఒక్కటే మారి ఉంటే అది మాక్యూల్, సెంటీమీటర్ దాటి పెద్దగ ఉంటే ప్యాచ్ అంటరు. వేలికి ఎత్తుగ తగిల్తే ప్యాప్యూల్, అదే వెడల్పుగ పరుచుకుంటే ప్లాక్. పైకి కొంచమే కనబడి లోపల గడ్డలాగ లోతుకు దిగి ఉంటే నాడ్యూల్. ఈ సెంటీమీటర్ లెక్క కొన్ని పుస్తకాలల్ల అర సెంటీమీటర్ అని ఉంటది, అందుకే మేడమ్ అట్ల కాదు, స్కేల్ పెట్టి కొలిచి చెప్పుమంటది. మనోళ్లు రూపాయి బిళ్లంత అంటరు, అయితే ఏ రూపాయి? పాత స్టీల్ రూపాయి 25 మిల్లీమీటర్లు ఉండె, 2011 నుంచి వచ్చింది 22. పోయిన నెల రూపాయంత ఉండె ఇప్పుడు కూడ అంతనే ఉంది అంటే ఏం అర్థం చేసుకుంటం చెప్పండి. ఎత్తు కనబడాలంటే పై లైట్ బంద్ చేసి టార్చ్‌ను పక్క నుంచి కొట్టాలె, నీడ పడ్తది, అప్పుడు వీడియోల కూడ తెలుస్తది.

ఇట్ల పేరు పక్కన పెట్టి ముందు కంటికి, చేతికి ఏముందో దాన్ని బట్టి గుంపులు చేసుడు పాత పద్ధతే, లండన్‌ల విల్లాన్ అనే డాక్టర్ 1757ల పుట్టి 1812ల చనిపోయిండు, ఆయన చర్మ రోగాలను ఎనిమిది గుంపులు చేసిండు, అండ్ల మాక్యూల్, ప్యాప్యూల్, వెసికిల్, బుల్లా, పస్ట్యూల్ ఇవన్ని ఉన్నయి. కాకపోతే ఆయన చూసింది తెల్ల తోలు. మా నర్సింగ్ పుస్తకాలల్ల బొమ్మలు కూడ దాదాపు అవే, "ఎర్రగ" అని రాసి ఉంటది. మన పొలంల ఎండకు నల్లబడ్డ మనిషి వీపు మీద ఎరుపు ఎక్కడ కనబడ్తది? ముదురు నలుపు తిరిగో, వంకాయ రంగుకో మారినట్టు ఉంటది అంతే. ఎరుపు లేదు కాబట్టి వాపు లేదు అనుకుంటే అయిపోయినట్టే. చేతి వెనక భాగం పెట్టి వేడి చూడాలె, పక్కన మంచిగున్న చర్మంతోటి పోల్చి చూడాలె. ఈ సంగతి క్లాసుల ఎవ్వరు గట్టిగ చెప్పరు, నాకైతే ఇది అన్నిటికంటె ముందు చెప్పాల్సింది అనిపిస్తది.

నీళ్లు నిండినయి అయితే సంగతి వేరే. చిన్న పొక్కు వెసికిల్, పెద్ద బొబ్బ బుల్లా, చీము ఉంటే పస్ట్యూల్. కానీ పొక్కు అని ఒక్క మాట అంటే సరిపోదు, అవి ఎట్ల పేర్చినట్టున్నయో అది చెప్పాలె. వానకాలం, కోతల టైంల పొద్దున్నే వస్తరు, మెడ మీదనో చెంప మీదనో గీత గీసినట్టు పొడుగ్గ మంట, దాని మీద పొక్కులు, "రాత్రి ఏదో పురుగు పాకింది సిస్టర్" అంటరు. నారింజ రంగు నలుపు కలిసి ఉండే సన్న పురుగు, పెడెరస్ అంటరు, ట్యూబ్‌లైట్ వెలుగుకు ఇంట్లకు వస్తది. అది కుట్టదు, కరవదు, మనమే మీద పాకుతుంటే చేతితో నలిపేస్తం, అండ్ల పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుంటది, మంట ఒక రోజు రెండు రోజులు అయినంక మొదలైతది కాబట్టి పురుగు ఎప్పుడు పాకిందో కూడ యాదికి ఉండదు. మోచెయ్యి మడతల అయితే రెండు దిక్కుల అద్దంల చూసినట్టు ఒకే తీరు పొక్కులు వస్తయి. మీద పాకుతుంటే ఉఫ్ అని ఊదేయాలె, నలిపి ఉంటే వెంటనే సబ్బుతోటి కడగాలె.

అదే పొక్కులు గుత్తులు గుత్తులుగ, నడుము చుట్టు ఒక్క పక్కనే పట్టీలెక్క వచ్చి మధ్య గీత దాటకుండ ఆగినయంటే అది సర్పి, హెర్పిస్ జోస్టర్. జాజు పూసుకొని, మంత్రం వేయించుకొని, అదీ తగ్గకపోతే అప్పుడు వస్తరు, కానీ పొక్కులు లేచిన 72 గంటల లోపల మందు మొదలుపెడ్తే పని మంచిగ చేస్తది. ఒక పెద్దమ్మ నడుముకు జాజు మందంగ పూసుకొచ్చింది, పొక్కులే కనబడలె, తడి గుడ్డతోటి మెల్లగ తుడిచినంక మేడమ్‌కు చూపించిన. పెద్దమ్మ కోపానికి వచ్చింది, "పూసింది తుడిస్తే పాము తలా తోకా కలుస్తది బిడ్డా" అని. వాదించలె, గోలీలు ఎన్నడు ఎన్ని వేసుకోవాలెనో చెప్పి పంపిన.

దద్దుర్లు అనే మాట కింద మా ఊర్ల అన్ని వస్తయి. అసలు దద్దు, వీల్ అంటరు, ఉబ్బి, తీట పెట్టి, ఒక్కొక్కటి 24 గంటల లోపల మాయమై ఇంకో చోట లేస్తది. నమ్మకపోతే బాల్‌పెన్‌తోటి దాని చుట్టు గీసి మరునాడు చూడండి. జరంతోటి వచ్చే సన్న ఎర్ర చుక్కలు ఇవి కాదు, వాటి మీద గాజు గ్లాసు అడుగు పెట్టి ఒత్తాలె, ఒత్తితే మాయమైతే రక్తనాళాలల్ల రక్తమే, మాయం కాకపోతే రక్తం చర్మంలకు కారింది అన్నట్టు, పెటెకియె అంటరు, డెంగీల కూడ వస్తయి. అట్లాంటి చుక్కలు జరంతోటి ఉంటే వీడియో కాల్ కూడ పెట్టను, సీదా పెద్ద దవాఖానకు పంపిస్త.

తెల్ల మచ్చ చూస్తే నేను తొందరపడను. పాల లెక్క పూర్తిగ తెల్లగ ఉంటే బొల్లి కావచ్చు, సన్న పొట్టు రాలుతుంటే శోభి కావచ్చు. పూర్తి తెలుపు కాకుండ కొంచెం వెలిసినట్టు ఉండి, పొడిగ, చెమట రాకుండ, వెంట్రుకలు పల్చబడి ఉంటే స్పర్శ చూడాల్సిందే. మనిషిని కండ్లు మూసుకోమని బాల్‌పెన్ కొనతోటి మెత్తగ ముట్టి ఎక్కడ ముట్టిన్నో వేలు పెట్టి చూపించుమంట, ముందు మంచి చర్మం మీద, తర్వాత మచ్చ మీద. మచ్చ మీద ముట్టితే తెల్వకపోతే కుష్ఠు అనుమానం పెట్టుకోవాలె. మచ్చలు ఎన్నున్నయో కూడ లెక్క పెట్టాలె, ఎందుకంటే 5 దాకా ఉంటే మందు 6 నెలలు, 6 లేదా ఎక్కువ ఉంటే 12 నెలలు, నరాలు ఉబ్బినయా అనేది కూడ చూస్తరు. మందు సర్కారు ఉచితంగ ఇస్తది. అయినా చొక్కా విప్పమంటే మగోళ్లు సతాయిస్తరు, వీపు మీద మచ్చ ఇంటోళ్లకు కూడ తెల్వకుండ ఉంటది.

ఇక తామర. అసలు తామర గుండ్రంగ రింగు లెక్క ఉంటది, అంచు ఎత్తుగ పొట్టుతోటి, నడుమ మానినట్టు, దాన్ని యాన్యులర్ అంటరు. గోకి గోకి చర్మం మందమై గీతలు తేలితే లైకెనిఫికేషన్, కారి ఎండితే పక్కు అంటే క్రస్ట్. ఇంతవరకు బాగనే ఉంటది, కానీ వచ్చేటోళ్లల్ల చానా మంది మెడికల్ షాపుల అడిగి తెచ్చుకున్న ట్యూబ్ రాసుకొనే వస్తరు, అండ్ల స్టెరాయిడ్ ఉంటది, రెండు రోజుల్ల తీట తగ్గుతది, రింగు అంచు మాయమైతది, ఫంగస్ మాత్రం పక్కకు పాకుతనే ఉంటది. దాన్ని టీనియా ఇన్‌కాగ్నిటో అంటరు. అప్పుడు నేను ఎంత మంచిగ వర్ణించి చెప్పినా మేడమ్‌కు సగమే అర్థమైతది. అందుకే మా ఊరోళ్లకు చెప్తున్న, ఖాళీ అయినా సరే ఆ ట్యూబ్ పారేయకుండ తీసుకరండి. దాని మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ ఇట్లాంటి స్టెరాయిడ్ పేరు ఏదన్న ఉందా చదివి మేడమ్‌కు చెప్త, ఎన్ని రోజులు రాసిన్రో కూడ అడుగుత, అప్పుడు సిగ్గుపడి రెండు రోజులే అనకండి.