ఇరవయ్యోసారికి బ్రేక్ పడింది: రౌటర్ పాస్‌వర్డ్ రికవరీ, ఐదో వారం

ఎట్టకేలకు నిన్న రాత్రి స్క్రీన్ మీద ‘రామ్‌మాన్ 1’ అని కనబడింది. రామ్‌మాన్ (ROMMON) అంటే పాస్‌వర్డ్ తెలియకపోయినా రౌటర్‌ను బాగుచేసుకోవడానికి, అసలు సాఫ్ట్‌వేర్ లోడ్ కాకముందే వచ్చే చిన్న ప్రోగ్రామ్. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాలుగు రాత్రులు పట్టింది, రౌటర్‌ను 20 సార్లు ఆపి ఆన్ చేశాను. ప్రతిసారీ ఎన్నో సెకనులో ఏం నొక్కానో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను కాబట్టి ఆ సంగతంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సిస్కో సీసీటీ (నెట్‌వర్క్ పరికరాలు బాగుచేసే టెక్నీషియన్ల సర్టిఫికెట్) పరీక్షకు చదవడం మొదలుపెట్టి ఇది ఐదో వారం. అది పాడైన పెట్టె ముందు కూర్చుని పని చేయాల్సిన టెక్నీషియన్ కోసం పెట్టినది కాబట్టి పుస్తకం చదివితే సరిపోదనిపించి సిస్కోవే పాత 1841 మోడల్ రౌటర్, 2960 మోడల్ స్విచ్ సంపాదించాను. రెండింటిలోనూ పాత యజమాని పాస్‌వర్డ్‌లు అలాగే ఉన్నాయి. నాకు కావలసింది కూడా అదే.

స్విచ్ పని మొదటి ప్రయత్నంలోనే అయిపోయింది: మోడ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేసి, ఫ్లాష్ ఇనిట్ ఇచ్చి, కాన్ఫిగ్ ఫైల్ పేరు మార్చి బూట్ చేశాను.

రౌటర్ దగ్గరే ఆగిపోయాను. ఆన్ చేసిన మొదటి 60 సెకన్లలో బ్రేక్ (లైనును కాసేపు సున్నాలోనే నిలిపి ఉంచే సంకేతం) పంపితే రామ్‌మాన్‌లోకి వెళ్లాలి. మొదటి రాత్రి పుటీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌తో 7 సార్లు ప్రయత్నించాను. సెట్టింగులు మామూలే: వేగం సెకనుకు 9600 బిట్లు, డేటా 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఫ్లో కంట్రోల్ లేదు. ల్యాప్‌టాప్‌లో బ్రేక్ కీ లేదు కాబట్టి మెనూలోని స్పెషల్ కమాండ్ వాడాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని 2, 5, 10, 15, 20, 30, 45 సెకన్ల దగ్గర ఒక్కోసారి పంపాను. ఏడుసార్లూ హ్యాష్ గుర్తులు వరసగా పడిపోయాయి, ఐఓఎస్ (సిస్కో ఆపరేటింగ్ సిస్టమ్) లోడ్ అయింది, పాస్‌వర్డ్ అడిగింది.

రెండో రాత్రి అనుమానం సాఫ్ట్‌వేర్ మీదకు మళ్లింది. టెరాటర్మ్ అనే ఇంకో టెర్మినల్ ప్రోగ్రామ్‌లో ఆల్ట్-బి తో 5 సార్లు పంపాను, ఏమీ కాలేదు. (సీరియల్ పనికి టెరాటర్మే నాకు నచ్చుతుంది, లాగ్ దాచుకోవడం సులువు.) మూడో రాత్రి రౌటర్ కన్సోల్‌కు పెట్టే రోల్‌ఓవర్ కేబుల్ మార్చాను, యూఎస్‌బీ పోర్టు మార్చాను, ఇంకో 6 సార్లు. నిజానికి కేబుల్‌ను అనుమానించడమే తప్పు. నేను టైప్ చేసిన అక్షరం రౌటర్‌కు చేరుతోంది, అది పంపింది నాకు కనబడుతోంది. అంటే తీగలు బాగానే ఉన్నట్టు.

ఇంకో అనుమానం పాస్‌వర్డ్ రికవరీనే ఆపేసే ‘నో సర్వీస్ పాస్‌వర్డ్ రికవరీ’ కమాండ్ మీద. అది ఇచ్చి ఉంటే ఆ సంగతి బూట్ అవుతున్నప్పుడే స్క్రీన్ మీద పడుతుంది. లాగ్ మొత్తం వెతికాను, ఆ లైను లేదు.

ఇక మిగిలింది ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టును ఆ కేబుల్‌కు కలిపే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్. పైన ఏ బ్రాండ్ పేరూ లేదు, లోపల ఏ చిప్ ఉందో తెలియదు. నాలుగో రాత్రి దీన్ని కొలిచి చూడాలనుకున్నాను. పైథాన్‌లో పైసీరియల్ అనే లైబ్రరీతో పోర్టు తెరిచి బ్రేక్ కండిషన్‌ను ట్రూ చేస్తే, మళ్లీ ఫాల్స్ చేసేదాకా లైను బ్రేక్‌లోనే ఉండాలి. మల్టీమీటర్ ప్రోబులు తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 3వ పిన్ను, 5వ పిన్ను మీద పెట్టాను. 3 అంటే పంపే లైను, 5 గ్రౌండ్. ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 5.8 వోల్టులు చూపించింది. ఆర్‌ఎస్-232 అనే సీరియల్ ప్రమాణంలో ఖాళీ లైను నెగెటివ్‌లోనే ఉంటుంది కాబట్టి అది సరే. బ్రేక్ పెట్టగానే ప్లస్ వైపుకు మారాలి. మారలేదు, అదే మైనస్ 5.8. మూడుసార్లు చూశాను. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ కూడా రాలేదు. అంటే డ్రైవర్ సరే అంటోంది కానీ లైను మీదకు ఏమీ వెళ్లడం లేదు. మూడు రాత్రులుగా రౌటర్‌కు నేను బ్రేక్ పంపనే లేదన్నమాట!

ఇక్కడ పనికొచ్చింది సిస్కో డాక్యుమెంట్లలోనే ఉన్న ఒక ఉపాయం. టెర్మినల్ వేగం 1200కి తగ్గించి, రౌటర్ ఆన్ చేసి, 10-15 సెకన్లు స్పేస్‌బార్ నొక్కుతూ ఉండాలి. తర్వాత 9600కి మారి ఎంటర్ కొట్టాలి. ఇది ఎందుకు పనిచేస్తుందో కాగితం మీద లెక్క వేసుకున్నాక గానీ నాకు నమ్మకం కుదరలేదు. 9600 వేగంలో ఒక బిట్ 104 మైక్రోసెకన్లు. స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే ఒక అక్షరం సుమారు 1.04 మిల్లీసెకన్లు. లైను అంతకంటే ఎక్కువసేపు సున్నాలోనే ఉండిపోతే రౌటర్ దాన్ని బ్రేక్ అనుకుంటుంది. 1200లో ఒక బిట్ 833 మైక్రోసెకన్లు. స్పేస్ కోడ్ హెక్సాలో 20, బిట్లు చివరి నుంచి వెళ్తాయి కాబట్టి స్టార్ట్ బిట్, ఆ వెంటనే ఐదు సున్నాలు, మొత్తం ఆరు సున్నాలు వరసగా వస్తాయి. 6 సార్లు 833 అంటే 5 మిల్లీసెకన్లు, కావలసినదానికి దాదాపు ఐదు రెట్లు. అడాప్టర్‌కు బ్రేక్ పంపడం రాకపోయినా మామూలు అక్షరమే ఆ పని చేసేస్తుంది. ఎంత చక్కటి ఉపాయమో!

మొదటిసారి స్పేస్‌బార్ ఆలస్యంగా నొక్కినట్టున్నాను, మామూలుగానే బూట్ అయింది. రెండోసారి స్పేస్ నొక్కిపట్టుకునే స్విచ్ వేశాను. 15 సెకన్ల తర్వాత 9600కి మారి ఎంటర్ కొడితే రామ్‌మాన్ వచ్చింది. అదే ఇరవయ్యోసారి.

ఆ తర్వాతిది పది నిమిషాల పని. సేవ్ చేసిన కాన్ఫిగ్‌ను చదవకుండా బూట్ అవ్వమని చెప్పే కాన్ఫ్‌రెగ్ 2142 ఇచ్చి రీసెట్ చేశాను, స్టార్టప్ కాన్ఫిగ్‌ను రన్నింగ్‌లోకి కాపీ చేసి కొత్త సీక్రెట్ (పాస్‌వర్డ్) పెట్టాను, షట్‌డౌన్‌లో ఉండిపోయిన ఇంటర్‌ఫేసులు లేపాను, రిజిస్టర్ తిరిగి మామూలు విలువ 2102కి మార్చి సేవ్ చేశాను. కాపీ చేసేటప్పుడు దిశ తారుమారైతే పాత కాన్ఫిగ్ పోతుంది, అక్కడ మాత్రం ఎంటర్ కొట్టే ముందు రెండుసార్లు చదువుకోండి.

1841లో ఫ్లాష్ కార్డు బయటకు లాగేస్తే బూట్ ఇమేజ్ దొరక్క అదే రామ్‌మాన్‌లో ఆగుతుంది కదా అని మీలో కొందరు అనొచ్చు. నిజమే, సులువు కూడా. కానీ కార్డు బయటకు రాని పెట్టె ఎదురైతే ఏం చేస్తాం? అందుకే దాన్ని కావాలనే పక్కన పెట్టాను. నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లోనే అనుకరించే సిస్కో ప్రోగ్రామ్ ప్యాకెట్ ట్రేసర్ విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. కమాండ్లు నోటికి రావడానికి అది చాలా మంచిది, కానీ అందులో అడాప్టర్ ఎప్పుడూ చెడిపోదు. కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ తీసుకోమనే. నాది వస్తోంది, రాగానే ఇదే మల్టీమీటర్ పరీక్ష పెడతాను.

వచ్చే వారం ఫ్లాష్‌లో ఐఓఎస్ ఇమేజ్‌ను కావాలనే తీసేసి, మళ్లీ ఎక్కిస్తాను. ముందు ఒక బ్యాకప్ దాచాలి. ఇమేజ్ సుమారు 24 ఎంబీ. 9600 వేగంలో సెకనుకు మహా అయితే 960 బైట్లే వెళ్తాయి కాబట్టి సీరియల్ లైను మీదుగా ఫైలు పంపే ఎక్స్‌మోడెమ్‌తో ఏడున్నర గంటలకు పైనే. 115200కి పెంచితే లెక్క ప్రకారం 40 నిమిషాలు. ఆ వేగాన్ని ఈ పాత అడాప్టర్ తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు, కొత్త కేబుల్ వచ్చాకే మొదలుపెడతాను. ఈలోగా రామ్‌మాన్ నుంచి టీఎఫ్‌టీపీతో (నెట్‌వర్క్ మీదుగా ఫైలు పంపే పద్ధతి) ఎక్కించడానికి కావలసిన ఐదు వేరియబుల్స్, అంటే ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, సర్వర్, ఫైల్ పేరు, చూడకుండా టైప్ చేయడం అలవాటు చేసుకుంటున్నాను. ఈ రాత్రికి పదిసార్లు.